చలిగది కాపలా

ఆ చలిగదిలో థర్మామీటరు నాలుగు డిగ్రీల మీద ఒక్క గీత పైకి పాకినా ఆయనకు ఇంట్లో ముద్ద దిగేది కాదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా చూసి పుస్తకంలో రాసుకునేవాడు. ఊరంతా చెమటలు కక్కే నెలల్లో కూడా పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని తిరిగే ఈ స్టోర్ కీపరుకు కలర్ ల్యాబులో వాళ్ళు చలిబాబాయ్ అని పేరు పెట్టారు. వాళ్ళు పెట్టింది ఎగతాళికే. ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోసుకు తిరిగాడు.

ఆయన కాపలా కాసేది ఫొటో రీళ్ళకు. ఆ దేశంలో ఫొటో అంటే ముప్పై ఏళ్ళుగా ఎర్రడబ్బాయే. సముద్రాల అవతల ఎక్కడో తయారై ఓడలో దిగే రీలది. పదకొండేళ్ళ కిందట ఇంకో సముద్రం అవతలి నుంచి నీలండబ్బా వచ్చి దానికి పోటీగా కూచుంది. ఈ రెండు కంపెనీల యజమానులూ ఈ వీధి మొహం ఎన్నడూ చూసినవాళ్ళు కారు గానీ, వాళ్ళు కొట్టుకోవడానికి మాత్రం ఈ వీధే కావలసి వచ్చింది. ఒకరు ఒక దుకాణానికి ఎర్ర బోర్డు ఊరికే రాయించి ఇస్తే, రెండోవాళ్ళు పక్క దుకాణానికి నీలం బోర్డూ, నీలం గొడుగూ, నీలం గోడగడియారమూ ఇచ్చారు. ఒక గడుసు స్టూడియో ఆసామి ఇద్దరి దగ్గరా బోర్డులు పుచ్చుకుని పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ తగిలించేవాడు. అందరికీ అంత గడుసుతనం ఎక్కడి నుంచి వస్తుంది? ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయని ఊరికే అనలేదు పెద్దలు. ఈసారి ఆ కాళ్ళ మధ్యన పడింది చలిబాబాయ్ కూతురు.

అమ్మాయి కూడా తండ్రి పనిచేసే నీలండబ్బా వారి ల్యాబులోనే ప్రింటరు. నెగెటివ్ నుంచి ఫొటో అచ్చు వేసేటప్పుడు ఏ రంగు ఎన్ని పాయింట్లు తగ్గించాలో, ఏది ఎన్ని పెంచాలో కంటితో చూసి చెప్పడం ఆమె పని. మెషీను ఎంత ఖరీదు పెట్టి తెచ్చినా ఆఖరి మాట మనిషి కంటిదే. ఇరవయ్యారేళ్ళకే ఆమె కన్నంటే ఊళ్ళో స్టూడియోల వాళ్ళకు గురి. ఇంత పేరున్న కన్ను కూడా నీలండబ్బా రీలు దగ్గరికి వచ్చేసరికి తడబడుతోందని ఈమధ్య గుసగుసలు మొదలయ్యాయి.

స్టూడియోల సంఘం వాళ్ళు ఒక శుక్రవారం నాటికి పందెం పెట్టారు. దేశంలో ప్రతి బడి పిల్లవాడికీ ఏడాదికొక ఫొటో తీస్తారు. ఆ ఫొటోలన్నీ ఇకమీదట గెలిచిన కంపెనీ రీళ్ళ మీదే తీయాలని సంఘం తీర్మానం. ఒకే పిల్లలను, ఒకే వెలుగులో, రెండు కంపెనీల రీళ్ళతోనూ తీస్తారు. ఎవరి ఫొటోలు వాళ్ళ ల్యాబులో, సాక్షుల ఎదుట అచ్చవుతాయి. వాటికి పేర్లుండవు, అంకెలే ఉంటాయి. అరవై ముగ్గురు స్టూడియో యజమానులు చూసి చీటీలు వేస్తారు.

దానికి ముందు శనివారం నీలండబ్బా ల్యాబులో రిహార్సలు జరిగింది. మేనేజరమ్మ ఫొటోలను బల్లమీద పరిచి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఈ పిల్లల మొహాలేంటి ఇలా ఉన్నాయి? ఓడెక్కి వాంతి చేసుకోబోయే వాళ్ళలాగా!"

నిజంగానే మొహాల మీద సన్నగా ఆకుపచ్చ పారింది. చలిబాబాయ్ రీళ్ళ పెట్టె దించే నెపంతో తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆ ఆకుపచ్చ తీసేస్తే చొక్కా గులాబీ రంగుకు తిరుగుతోంది మేడం," అంది అమ్మాయి. "చొక్కా తెల్లగా తెస్తే మొహం పాడవుతోంది. రెండూ ఒక్కసారి కుదరడం లేదు."

"ఎర్రడబ్బా వాళ్ళకు కుదురుతున్నాయి కదా?"

అమ్మాయి ఒక ప్రింటును మళ్ళీ వెలుగుకు ఎత్తి చూసింది.

మేనేజరమ్మ చెడ్డమనిషేమీ కాదు. పందెం ఓడితే ఈ డిపో మూసేస్తామని పైదేశం నుంచి ఉత్తరం వచ్చి ఆమె సొరుగులో ఉంది. నలభై మంది జీతాలు ఆమె మెడకు చుట్టుకున్నాయి. అందుకే మెత్తగా చెప్పాల్సిన మాటను కటువుగా చెప్పేసింది.

"రీలు మంచిదే. ఫ్యాక్టరీ వాళ్ళు వంద పరీక్షలు చేసి పంపారు. కన్నే సరిగ్గా లేదేమో చూసుకో. శుక్రవారం కూడా ఇలాగే వస్తే ప్రింటరును మార్చడం తప్ప నాకు దారి లేదమ్మా."

చలిబాబాయ్ చేతిలోని పెట్టెను అక్కడే దించేశాడు. ఆ వృత్తిలో ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. కన్ను పోయిందన్న మాట పుట్టిందంటే మాత్రం సాయంత్రానికి అన్ని ల్యాబులూ చుట్టి వస్తుంది, ఆ తర్వాత గుమ్మంలోకి రానిచ్చేవాడు ఉండడు. తన కూతురికి చిన్నప్పటి నుంచి వచ్చిన పనల్లా ఇదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి బావమరిది వచ్చాడు. ఇతగాడు వీధికి అవతల ఎర్రడబ్బా వారి రేకుల షెడ్డులో స్టోర్ కీపరు. పదకొండేళ్ళుగా బావా బావమరుదులు వీధికి అటొకరూ ఇటొకరూ నిలబడి ఒకరి కంపెనీని ఒకరు ఎత్తిపొడుచుకోవడమే ఆ ఇంటికి కాలక్షేపం.

"ఏం బావా, రీళ్ళకు కూడా స్వెట్టర్లు తొడిగావా?" అన్నాడు కంచం ముందు కూచుంటూనే.

"మీ రేకుల కింద రీళ్ళు అప్పడాల్లా వేగిపోతున్నాయి. ముందు వాటి సంగతి చూసుకో."

"వేగనీ, నాకేం? పైనుంచి వచ్చిన ఆర్డరే అది. ఓడ దిగిన పెట్టె మూడు నెలలు షెడ్డులో పడుండాలట, అందాకా గడప దాటించకూడదట. ఎందుకయ్యా అంటే చెప్పి చావరు. వాళ్ళ తిక్క వాళ్ళది. మేం నీలాగా ముద్దులు చెయ్యంలే."

చలిబాబాయ్ పగలబడి నవ్వాడు. సరుకును ఎండబెట్టే కంపెనీ కూడా ఒక కంపెనీయేనా అన్నాడు. ఇంటావిడ గరిటె పట్టుకుని వచ్చి, "మీ ఇద్దరి డబ్బాలూ తీసుకెళ్ళి ఏట్లో పారేయండి. అక్కడ పిల్ల నోట్లో మెతుకు పెట్టకుండా కూచుంటే మీకు నవ్వులెలా వస్తున్నాయి?" అని కసిరింది.

అమ్మాయి కిటికీ దగ్గర కూచుని బూడిదరంగు అట్టముక్కను ఎడంకంటితో ఒకసారి, కుడికంటితో ఒకసారి చూస్తోంది. అది ప్రింటర్లు కంటికి పెట్టుకునే తూనికరాయి. ఏ రంగూ కలవకుండా ఉత్త బూడిదగా కనిపిస్తే కన్ను బాగున్నట్టు.

"నా మేనకోడలి కన్నులాంటి కన్ను మా ల్యాబులో ఒక్కటీ లేదే," అన్నాడు మేనమామ, గొంతు తగ్గించి. "మా వైపు వచ్చెయ్. శుక్రవారం లోపలే రా. తర్వాతైతే నేను కూడా మాట్లాడలేను."

"ఓడిపోతానని పారిపోయి వస్తే మీవాళ్ళకు మాత్రం నేనెందుకు మామయ్యా?" అంది అమ్మాయి.

సోమవారం ఆమె సాధనకు ఇంకో రీలు కావాలంది. రిహార్సలుకే ముందుగా ఇచ్చేయడంతో చలిబాబాయ్ లెక్క ప్రకారం ఆ వారానికి ఇవ్వాల్సినవి అయిపోయాయి. చలిగది బయట, దాన్ని చల్లబరిచే మోటారు పక్కనున్న అలమారలో ఒక చిరిగిన పెట్టె ఉంది. ఏడు నెలల కిందట వానలో దించుతూ కూలీ జారవిడిచిన పెట్టె అది. ఇరవై రీళ్ళలో తొమ్మిది తడిసిపోయాయి, పదకొండు బాగానే ఉన్నాయి. చిరిగిన పెట్టెను మంచి పెట్టెల మధ్యన పెట్టడం ఆయనకు సుతరామూ గిట్టదు. అందుకని అక్కడే మోటారు వేడికి పడి ఉంది. అందులోంచి ఒక రీలు తీసి ఇచ్చాడు, సాధనకే కదా అని.

అమ్మాయి ఆయన్నే స్వెట్టరు విప్పించి, తెల్ల చొక్కాతో కిటికీ పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. గంటన్నర తర్వాత ప్రింటు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, చూడు! మొహం మొహంలా ఉంది, చొక్కా చొక్కాలా ఉంది. నా కన్ను బాగానే ఉంది నాన్నా!"

చూశాడు. ఫొటోలో తన చర్మం వెచ్చగా, బతికున్న మనిషి చర్మంలా ఉంది. పదకొండేళ్ళలో నీలండబ్బా రీలు మీద అలాంటి మొహాన్ని ఆయన చూడలేదు. కాదు, చూశాడు. రైలు ఆఖరు స్టేషను ఊరి నుంచి అప్పుడప్పుడూ వచ్చే ఫొటోలు ఇలాగే ఉండేవి. ఆ ఊరికి కంపెనీ సరుకు బండి ఆరు నెలలకోసారి పోతుంది కాబట్టి వాళ్ళు ఆరు నెలల సరుకు ఒక్కసారే తీసుకెళ్ళి దుకాణాల్లో పెట్టుకుంటారు. మీ రీలంత రీలు లేదని ఉత్తరాలు కూడా రాస్తారు. అక్కడివాళ్ళకు రంగులు తెలియవని ల్యాబులో అందరూ నవ్వుకునేవాళ్ళు.

రైలు ఆఖరు ఊరు. మోటారు పక్కన ఏడు నెలలు పడున్న పెట్టె. రేకుల షెడ్డులో మూడు నెలలు. ఈ మూడూ కలిసి ఒక్కసారిగా ఆయన నెత్తిన పడ్డాయి. రీలు కూడా కాయలాంటిదే. ఫ్యాక్టరీ వాళ్ళు పచ్చిగానే పంపిస్తున్నారు, దారిలోనూ దుకాణంలోనూ మెల్లగా మాగుతుందని. తానేమో ఓడ దిగీ దిగగానే తీసుకొచ్చి నాలుగు డిగ్రీల్లో బిగించేస్తున్నాడు. అది మాగేదెప్పుడు?

అసలు ఆ చలిగది కట్టించింది పెద్ద స్టూడియోల కోసం వచ్చే ఖరీదైన రీళ్ళ కోసం. ఆ డబ్బాల మీద మాత్రమే చలిలో ఉంచమని బొమ్మ ఉంటుంది. మంచివాటికి మంచిదైతే మామూలు వాటికి ఇంకా మంచిది కదా అని అన్నింటినీ లోపల పెట్టింది చలిబాబాయే. ఎవరూ చెప్పలేదు. దుకాణాల్లో వేడికి పాడవుతాయని వారానికి సరిపడా మాత్రమే ఇచ్చే పద్ధతి పెట్టిందీ ఆయనే. ఆ శ్రద్ధకు పాత మేనేజరు ఇచ్చిన షీల్డు ఇప్పటికీ గది బయట గోడకు ఉంది. నీలండబ్బాతో తీస్తే మొహాలు పచ్చబారతాయని పదకొండేళ్ళుగా ఊరంతా చెప్పుకుంటోంది ఎవరి వల్ల? ఎర్రడబ్బా వాళ్ళు ఎన్ని లక్షలు పోసినా చెయ్యలేని నష్టాన్ని ఆయన ఒక్కడే, స్వెట్టరు వేసుకుని, ఒక్క పూట సెలవు పెట్టకుండా చేశాడు.

"ఏంటి నాన్నా, అలా అయిపోయావు?" అంది అమ్మాయి.

"ఏం లేదే. ఇవాళ కిటికీలోంచి వెలుగు బాగా పడింది. అందుకే వచ్చిందిలే."

ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. అనేశాక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. కూతురు ముక్కుసూటి మనిషి. సంగతి తెలిస్తే ఆ నిమిషమే మేనేజరమ్మ దగ్గరికి పోతుంది. ఆ పైన చలిగదీ ఉండదు, చలిబాబాయీ ఉండడు, ఉన్నన్నాళ్ళూ సరుకు చెడగొట్టినవాడన్న పేరు మాత్రం ఉంటుంది. శుక్రవారం పందేనికి కావలసింది పది రీళ్ళు. చిరిగిన పెట్టెలో సరిగ్గా పది మిగిలాయి. గుట్టుచప్పుడు కాకుండా వాటిని పంపిస్తే పందెం గెలుస్తారు, పిల్ల పేరు నిలబడుతుంది. ఆ తర్వాత మెల్లగా పెట్టెలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ పోవచ్చు. నాలుగు రోజులు ఓర్చుకుంటే చాలు అనుకున్నాడు. ఓర్చుకోవలసింది తాను కాదన్న సంగతి మాత్రం అనుకోలేదు.

అమ్మాయి ఆ సాయంత్రమే ఇంకో రీలు అడిగింది. ఉన్న పదిలో ఒక్కటి కూడా తీసే వీలు లేదు. మరుసటి వారం లెక్కలోంచి, చలిగదిలోంచి తీసి ఇచ్చాడు. అదే కిటికీ, అదే నాన్న, అదే చొక్కా. మొహం మళ్ళీ పచ్చబారింది. ఆమె రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూచుంది.

"పూర్తిగా పోయినా బాగుండేది," అంది. "ఒకసారి సరిగ్గా చూస్తోంది, ఇంకోసారి చూడటం లేదు. ఇలాంటి కన్నును ఎలా నమ్మాలి నాన్నా?"

మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం తోడు రమ్మంది. వెళ్ళాడు. గది బయట బెంచీ మీద ఆమె చేతులు మంచుముక్కల్లా ఉంటే తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూచున్నాడు. డాక్టరు అక్షరాలు చదివించాడు, చుక్కల పుస్తకంలో అంకెలు గుర్తుపట్టమన్నాడు, కళ్ళలో లైటు వేసి చూశాడు. కళ్ళు దివ్యంగా ఉన్నాయమ్మా అన్నాడు. ఆమె ఆ మాట నమ్మలేదు. జబ్బు ఉంటే డాక్టరుకు తెలుస్తుంది గానీ, ప్రింటరు కన్నులో రెండు పాయింట్లు తేడా వస్తే ఏం తెలుస్తుందంది. తిరిగొచ్చే దారిలో బస్సులో మూడుసార్లు అసలు సంగతి ఆయన నోటి దాకా వచ్చింది. మూడుసార్లూ మింగేశాడు.

బుధవారం ఒకే మొహాన్ని నలభైసార్లు అచ్చువేసి గోడకు గుచ్చింది. నలభైలో ఒక్కటీ కుదరలేదు. ల్యాబులో పక్క సీటు ఆవిడను పిలిచి ఏది నయమో చెప్పమని అడిగింది. ఎవరి సలహా అడగాల్సిన అవసరం లేని పిల్ల అలా అడగడం చూసి ఆవిడే మొహం తిప్పుకుంది. గురువారం టీ తాగుతుంటే చలిబాబాయ్, "అమ్మాయ్," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు. టీ చల్లారిపోతోంది."

తేలు కుట్టిన దొంగలా మళ్ళీ చలిగదిలోకి దూరాడు. ఆ రోజు థర్మామీటరు చూడటం మరిచిపోయాడు. పుస్తకంలో గడి ఖాళీగా ఉండటం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున పది రీళ్ళూ మంచుపెట్టెలో పెట్టి, ఎప్పటిలాగే చలిగదిలోంచి తెచ్చినట్టు తెచ్చాడు. సంఘం హాలులో ముగ్గురు పిల్లలను, ఒక టీచరమ్మను తెల్లబట్టల్లో కూచోబెట్టారు. సంఘం తరఫు ఫొటోగ్రాఫరు రెండు కెమెరాలతో ఒకదాని వెంట ఒకటిగా తీశాడు. రీళ్ళు ఎవరి ల్యాబుకు వాళ్ళవి సాక్షులతో సహా చేరాయి. అద్దం అవతల ప్రింటింగ్ మెషీను ముందు అమ్మాయి కూచుంది. ఇద్దరు స్టూడియో యజమానులు వెనకాల నిలబడ్డారు. చలిబాబాయ్ అద్దం ఇవతల నిలబడి ఆమె వీపు చూస్తున్నాడు.

మొదటి ప్రింటు బయటికొచ్చింది. ఆమె బూడిద అట్ట తీసి పక్కన పెట్టుకుని చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వెనకనున్న సాక్షి తొందర పెడితే, మెషీనులో ఉన్న అంకెలను ఒక్క పాయింటు కూడా మార్చకుండా మిగతావన్నీ వరసగా తీసేసింది. నచ్చి తీస్తోందో, తెగించి తీస్తోందో ఆయనకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు చీటీలు లెక్కపెట్టారు. సంఘం అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని, నలభై ఒకటి ఈ వైపు, ఇరవై రెండు ఆ వైపు అని చదివి, కాగితం తిప్పి చూపించాడు. నలభై ఒకటి నీలండబ్బాకు. ఎర్రడబ్బా వాళ్ళ మొహాలు ఆ వారమంతా అచ్చయిన ఫొటోల కంటే పచ్చబారాయి. బావమరిది జనంలోంచి తోసుకుంటూ వచ్చి, "గెలిచారులే. మొత్తానికి పిల్ల పరువు దక్కింది, అది చాలు," అని బావ భుజం మీద చరిచాడు. ఆ దెబ్బకు చలిబాబాయ్ కొంచెం తూలాడు.

డిపోకు తిరిగి రాగానే మేనేజరమ్మ అందరినీ ల్యాబులో పోగుచేసింది. అంతసేపు బిగబట్టిన మనిషి కాబట్టి ఆనందం కూడా పట్టలేకపోయింది.

"పైవాళ్ళతో ఇప్పుడే మాట్లాడాను. వచ్చే నెలలో బడుల కోసం నలభై వేల రీళ్ళు దిగుతున్నాయి. మన చలిబాబాయ్ కాపలా వల్లే ఇవాళ ఈ గెలుపు అని చెప్పాను. ఇంకో రెండు చలిగదులు కట్టమన్నారు. ఒక్క రీలు కూడా బయట ఉండటానికి వీల్లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. చలిబాబాయ్ లోపల ఇంకో లెక్క వేసుకున్నాడు. నలభై వేల రీళ్ళు పచ్చివి, దేశంలో పిల్లలందరి మొహాలూ పచ్చవి, అవి అచ్చువేసేది తన కూతురు. నాలుగు రోజులు దాటితే చాలనుకున్నాడు. దాటాక ఏముందో ఇప్పుడు కనిపించింది.

చప్పట్లు ఆగాక అమ్మాయి ముందుకొచ్చి మేనేజరమ్మ చేతిలో ఒక కవరు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"పని మానేస్తున్నాను మేడం. నిన్ననే రాసుకున్నాను."

"పిచ్చిదానా, గెలిచాం కదా! అంత బాగా వచ్చాయి కదా!"

"బాగా వచ్చాయి. ఎందుకు బాగా వచ్చాయో నాకు తెలియదు," అంది. "నిన్నటి దాకా ఎందుకు చెడ్డాయో తెలియదు, ఇవాళ ఎందుకు కుదిరాయో తెలియదు. నేను ఒక్క అంకె కూడా మార్చలేదు. తెలియకుండా గెలిచిన ప్రింటరు రేపు తెలియకుండానే ఓడిపోతుంది. దేశంలో పిల్లలందరి మొహాలూ నా చేతిలో పెట్టకండి. నా కన్ను మీద నాకే నమ్మకం లేదు."

చలిబాబాయ్ మఫ్లరు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"దాని కన్నుకేం కాలేదు మేడం," అన్నాడు. "రీళ్ళు చెడగొట్టింది నేను."

చెప్పాడు. చిరిగిన పెట్టె సంగతి, మోటారు వేడి, రైలు ఆఖరు ఊరి ఉత్తరాలు, ఖరీదైన రీళ్ళకు చెప్పిన చలిని మామూలు వాటికి కూడా తానే అంటగట్టిన సంగతి, అన్నీ చెప్పాడు. బావమరిది షెడ్డు మాట ఒక్కటే దాచాడు, అతని ఉద్యోగానికి ఎసరు పెట్టడం ఇష్టం లేక. చెబుతున్నకొద్దీ ఆయనకు ఊపిరి ఆడింది. తెలియక చేసిన తప్పు చెప్పుకోవడం ఆయన భయపడినంత కష్టంగా లేదు. పక్క సీటావిడ అయ్యో పాపం అన్నట్టు చూసింది. మేనేజరమ్మ కుర్చీలో కూలబడి, కోపానికి బదులు నుదురు రుద్దుకుంది.

"పదకొండేళ్ళు," అంది. "సరే, తెలియక చేశారు. మీరే కాదు, నేనూ అడగలేదు, ఫ్యాక్టరీ వాళ్ళూ చెప్పలేదు. ఇంతకీ ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

అమ్మాయి తలెత్తింది. ఇవాళే తెలిసింది అంటే అయిపోతుంది. నిలదీసేవాళ్ళు లేరు, సాక్షులు లేరు. నమ్మడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు, అందరికంటే ముందు ఆ పిల్ల సిద్ధంగా ఉంది. ఆమె కళ్ళలోకి చూసి ఆ అబద్ధం ఆడబోయాడు. ఆ కళ్ళు నాలుగు రోజుల ఏడుపుతో వాచి ఉన్నాయి.

"సోమవారం," అన్నాడు.

మేనేజరమ్మకు ఆ రోజుతో పని లేదు, తల ఊపి టెలిఫోను అందుకుంది. అమ్మాయి మాత్రం సోమవారం తర్వాత ఏయే రోజులు వచ్చాయో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నట్టు ఆయనకు కనిపించింది.

"రీళ్ళు తెలియక పాడుచేశావు. దానికి నిన్నేమీ అనను," అంది చివరికి. "మంగళవారం డాక్టరు గది బయట నా చేతులు పట్టుకుని కూచున్నావు. అప్పటికి నీకు తెలుసు."

"శుక్రవారం దాకానే కదా అని..."

"నా కళ్ళు పోతున్నాయని అమ్మతో కూడా చెప్పలేదు నాన్నా. నీ ఒక్కడితోనే చెప్పాను."

ఆమె మేనేజరమ్మ బల్ల మీది నుంచి కవరు తీసుకుని, రెండుగా చింపి బుట్టలో వేసి, తన మెషీను దగ్గరికి వెళ్ళి కూచుంది.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి తిరుగు కబురు వచ్చింది. మామూలు రీళ్ళను గది వేడిలో కొన్ని నెలలు ఉంచాకే అమ్మాలి, వాటిని చలిలో పెట్టమని మీకెవరు చెప్పారు అని అడిగారు. మేనేజరమ్మ చలిబాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. చలిగదిలో ఖరీదైన రీళ్ళ పెట్టెలు నాలుగు మాత్రం ఉంచి, మిగతావన్నీ పొడుగాటి వరండాలోకి మార్పించింది. ఏ పెట్టె మాగిందో, ఏది ఇంకా పచ్చిగా ఉందో పరీక్ష చేసి చెప్పాల్సింది ప్రింటరు. ఆమె సరే అన్నదాకా స్టోర్ కీపరు ఏ పెట్టెనూ కదపకూడదు. కొత్త పద్ధతి అది. అమ్మాయి కన్ను గురించి ఊళ్ళో ఇప్పుడు కథలుగా చెప్పుకుంటున్నారు, సరుకు తప్పును కూడా కంటితోనే పట్టేసిందని.

చలిబాబాయ్ వరండాలో స్వెట్టరు లేకుండా తిరుగుతున్నాడు. చలిబాబాయ్ అని ఇప్పుడెవరూ పిలవడం లేదు, జాలిపడి మానేశారు. ఇంట్లో ఇంటావిడ, "దాన్ని కూచోబెట్టి నాలుగు మాటలు చెప్పుకోండి," అని రోజూ పోరుతోంది. చెప్పుకుందామనే ప్రతి పూటా అనుకుంటాడు. ఆమె కంచం దగ్గర ఎంత మర్యాదగా కూచుంటుందంటే, మాట మొదలుపెట్టడానికి సందు దొరకదు.

పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున ఆమె ప్రింట్లు చేతబట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆ భవనంలో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచి, పైవాళ్ళు వచ్చినా సరే, నలుగురి ముందూ నాన్నా అని పిలిచిన పిల్ల అది. ఆఫీసులో అలా పిలవకూడదని ఆయనే ఎన్నోసార్లు చెప్పి విసిగిపోయాడు.

"స్టోర్ కీపరు గారూ," అంది. "మూడో వరస పెట్టెలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నేను చెప్పేదాకా మీరు వాటిని కదపకండి."

ఆయన ఆమె మొహం వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. పని తప్ప అందులో ఇంకేమీ లేదు.

"అలాగేనండి," అని పెట్టెల మీద తేదీలు రాసుకోవడానికి వెళ్ళాడు.